క్రోన్స్ జబ్బు: "మంచిగనే ఉన్న కదా, మందులెందుకు?"

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చూడండి. నలుగురిలో మాట్లాడుకోని విషయం కూడా. పేగుల గురించి, విరేచనాల గురించి. అన్నం తింటూ చూస్తున్నవాళ్లు ఉంటే తిన్నాకే చూడండి, ఏం పర్లేదు.

పోయిన నెల తాండూరులో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఒకామె నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. "సార్, మా బాబుకు 19 ఏండ్లు. మీకున్న బీమారే అన్నరు, క్రోన్స్ అట. ఏడాది సంది గోలీలు మింగుతుండు. ఇప్పుడు మంచిగున్నడు. మా ఆడబిడ్డ ఏమంటదంటే, మంచిగున్నోనికి మందులెందుకు, కిడ్నీలు ఖరాబైతయి అంటది. ఎప్పుడు బంద్ చేయాలె సార్?"

ఆ బ్యాండ్ చప్పుడులో నిలబడి ఆమెకి రెండు ముక్కలు చెప్పాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఎందుకంటే 2017లో ఇదే ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. ఆ జవాబు ఖరీదు దాదాపు ఒక అడుగు పేగు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. పుట్టింది తాండూరులో, మా నాన్న నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. నేను వికారాబాద్‌లో హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్తాను. ఈ జబ్బుతో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను, అంతే నా అర్హత. మందులు, డోసులు మీ డాక్టర్ చెప్పాల్సినవి. జబ్బు ఎలా నడుస్తుందో మాత్రం నేను చెప్తాను.

నాకు 2011లో మొదలైంది. అప్పుడు 24 ఏళ్లు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, తిన్న గంటకు మెలిపెట్టినట్టు. రోజుకి ఐదారు సార్లు విరేచనాలు. మా ఇంట్లో ఏమన్నారు? వేడి చేసింది అన్నారు. మజ్జిగ తాగు, సబ్జా గింజలు తాగు. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే గ్యాస్ అన్నాడు, తర్వాత అమీబా అన్నాడు, మెట్రోనిడజోల్ రాశాడు. నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఇంకొకాయన మొలలు అన్నాడు. ఇట్లా రెండేళ్లు నడిచింది. 62 కిలోలున్నవాణ్ని 47కి వచ్చాను. మా అమ్మ నా చొక్కాలన్నీ పక్కకి కుట్లు వేసి సన్నం చేసింది, బజార్లో నలుగురూ చూసి ఏమైందని అడగకుండా.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మామూలు గ్యాస్ గానీ, టెన్షన్ వల్ల వచ్చే విరేచనాలు గానీ మనిషిని సాధారణంగా నిద్ర లేపవు. నన్ను రాత్రి రెండింటికి, నాలుగింటికి లేపేవి. రాత్రి నిద్ర లేపే విరేచనం, నెల దాటినా తగ్గని విరేచనం, రక్తం, జిగట, కారణం లేకుండా బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, మలద్వారం దగ్గర మళ్లీ మళ్లీ చీముగడ్డ కట్టడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కొందరికి దీనితోపాటు కీళ్ల నొప్పులు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం కూడా ఉంటాయి. అవి వేరే జబ్బులనుకుని వేరే వేరే డాక్టర్ల చుట్టూ తిరుగుతాం.

చివరికి 2013లో హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేశారు. చిన్నపేగు వెళ్లి పెద్దపేగులో కలిసే చోట పుండ్లున్నాయి. ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టర్ చెప్పాడు: ఇది పేగు టీబీ కావచ్చు, క్రోన్స్ అనే జబ్బు కావచ్చు, ఖచ్చితంగా చెప్పలేం. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందు టీబీ మందులు మొదలుపెడదాం.

టీబీ అనగానే మా ఇంట్లో భయపడ్డారు గానీ, ఒక రకంగా ఊపిరి కూడా పీల్చుకున్నారు. వికారాబాద్ వాళ్లకి టీబీ కొత్తేం కాదు కదా. అనంతగిరి గుట్ట మీద గుడికి వెళ్లినవాళ్లందరికీ తెలుసు, అక్కడే టీబీ ఆసుపత్రి ఉంది, నిజాం కాలంలో కట్టిన శానిటోరియం. టీబీకి సరైన మందులు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకే ఆ గుట్ట మీద, ఆ అడవిలో కట్టారు. మా నాయనమ్మ దృష్టిలో మనిషి ఏళ్ల తరబడి చిక్కిపోతున్నాడంటే అది టీబీయే. మందులు వచ్చాక టీబీ కోర్సు జబ్బయింది. ఆర్నెల్లు మందు సరిగ్గా మింగితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. మా నాన్న క్యాలెండర్ మీద ఆరు నెలలు లెక్కపెట్టి గీత గీశాడు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. పేగు టీబీ, క్రోన్స్ రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. రెండూ ఎక్కువగా అదే చోట, చిన్నపేగు చివర్లో వస్తాయి. రెండింట్లో పుండ్లే, జ్వరమే, బరువు తగ్గడమే. ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే గ్రాన్యులోమా అనే కణాల ముద్దలు రెండింట్లోనూ కనిపించవచ్చు. పేగు ముక్కలో టీబీ క్రిమి దొరికితే టీబీ అని తేలిపోతుంది, కానీ టీబీ ఉన్నా చాలాసార్లు క్రిమి దొరకదు. అందుకే ఎటూ తేలనప్పుడు డాక్టర్లు టీబీ మందులు ఇచ్చి చూస్తారు. అది తప్పేం కాదు. ముందు క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే, లోపల ఉన్నది టీబీ అయితే చెలరేగిపోతుంది. కాబట్టి టీబీ మందులతో మొదలుపెట్టడంలో అర్థం ఉంది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? నా దగ్గర జరిగింది. డాక్టర్ నాకు చీటీ మీద రాసి ఇచ్చాడు, రెండు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేయించుకో అని. ఎందుకంటే టీబీ అయితే రెండు నెలల్లో పుండ్లు మానడం మొదలవుతుంది. క్రోన్స్ అయితే మానవు. తేడా తెలిసేది అప్పుడే. నేను వెళ్లలేదు. ఆ రెండు నెలల్లో జ్వరం తగ్గింది, రెండు కిలోలు పెరిగాను, ఆకలి వేస్తోంది. మళ్లీ ఆ పైపు పరీక్ష ఎందుకు, మళ్లీ డబ్బులెందుకు అనుకున్నాను. క్రోన్స్ ఉన్నవాళ్లకి కూడా టీబీ మందులతో మొదట్లో కొంచెం బాగైనట్టు అనిపించవచ్చని నాకు తర్వాత తెలిసింది. మనకు బాగనిపించడం వేరు, పేగు మానడం వేరు. లోపల పుండ్లు అలాగే ఉండగా నేను ఆర్నెల్లు, ఆ తర్వాత ఇంకో మూడు నెలలు టీబీ మందులు మింగాను. ఆ కాలమంతా అసలు జబ్బు తన పని తాను చేసుకుంటూ పోయింది.

2014లో మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి కొలనోస్కోపీ చేశారు, స్కాన్ చేశారు. అప్పుడు క్రోన్స్ అని పేరు పెట్టారు.

ఇంతకీ క్రోన్స్ అంటే ఏంటి? న్యూయార్క్‌లో బరిల్ క్రోన్ అనే డాక్టర్, ఇంకో ఇద్దరు డాక్టర్లు కలిసి 1932లో ఈ జబ్బు గురించి రాశారు, ఆయన పేరే మిగిలింది. ఇది పేగుల వాపు జబ్బుల్లో ఒకటి. పత్రికల్లో పేగుపూత అని రాస్తుంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకే పరిమితం, మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొరనే పుండు చేస్తుంది. అందులో రక్తం ఎక్కువ కనిపిస్తుంది, అందుకే మొలలనుకుంటారు. రెండోది క్రోన్స్. ఇది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, మధ్యమధ్యలో బాగున్న పేగుని వదిలేసి మచ్చలు మచ్చలుగా వస్తుంది. పేగు గోడ మందమంతా పాకుతుంది. అందుకే పేగు ఇరుకైపోవడం, ఒక పేగు నుంచి ఇంకో పేగుకి దారి పడిపోవడం లాంటివి ఇందులో ఎక్కువ.

ఎందుకు వస్తుంది? మా పిల్లలకు ఇలా చెప్తాను. కందిచేనుకి రాత్రి కాపలా పెట్టాం. అడవిపందులు వస్తే తోలాలి. పందులు వెళ్లిపోయాక కాపలావాడు కూర్చోవాలి కదా? కూర్చోడు. గాలికి ఆకు కదిలినా కర్ర తీసుకుని చేనంతా తొక్కుతూ తిరుగుతాడు. పందులు చేసిన నష్టం కన్నా వాడు తొక్కింది ఎక్కువ. మన ఒంట్లో రోగనిరోధక శక్తి ఆ కాపలావాడు. పేగులో మామూలుగా ఉండే సూక్ష్మజీవుల మీదికి కూడా యుద్ధానికి వెళ్తుంది, ఎప్పుడు ఆగాలో దానికి తెలియదు. జన్యువులు కొంత కారణం, పేగులోని సూక్ష్మజీవులు కొంత, మారిన తిండి, బతుకు కొంత. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఒకే కంచంలో తినొచ్చు. కారం ఎక్కువ తిన్నందుకు వచ్చిన జబ్బు కాదు, ఎవరి దిష్టీ కాదు, మీరు చేసిన తప్పు అసలే కాదు.

పట్నం జబ్బు, పెద్దోళ్ల జబ్బు అని కూడా అంటారు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు 2020 నుంచి 2022 దాకా పేగు బాధలున్న ముప్పై వేల మందికి పైగా పరీక్షించారు, పల్లెల్లో క్యాంపులు కూడా పెట్టారు. 2023లో ఆ వివరాలు ప్రచురించారు. పల్లెల్లో కూడా ఈ జబ్బు ఉంది అని అందులో తేలింది. కాబట్టి జొన్నరొట్టె తినే మన ఇంట్లోకి ఇది రాదు అనుకోవద్దు.

ఇప్పుడు 2017కి వస్తాను. మందులతో మూడేళ్లు బాగున్నాను. బరువు 60కి వచ్చింది. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. రోజూ అజాథయోప్రిన్ గోలీలు, మూడు నెలలకోసారి రక్త పరీక్ష. ఒకరోజు గోలీలు అయిపోయాయి. రేపు తెచ్చుకుందాం అనుకున్నాను. వారమైంది, ఏమీ కాలేదు. నెలైంది, ఏమీ కాలేదు. అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను: చూశావా, అసలు జబ్బే లేదు, అనవసరంగా మూడేళ్లు మింగావు. మా వాళ్లు కూడా సంతోషపడ్డారు. "ఇంకెన్ని రోజులు మింగుతవ్ రా, బంద్ చేసి మంచి పని చేసినవ్" అన్నారు.

ఏడాది దాకా పెద్దగా ఏం తెలియలేదు. అప్పుడప్పుడు తిన్నాక కడుపు ఉబ్బేది. దానికి గ్యాస్ గోలీ. ఈలోపు నడుం నొప్పి వస్తే మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని మింగేవాణ్ని. ఇలాంటి నొప్పి గోలీలు ఈ జబ్బుని రేపవచ్చని నాకు తెలియదు. బండల పని చేసేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు మన దగ్గర ఈ గోలీలు బఠానీల్లా వాడతారు. పేగు జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా వాటి జోలికి పోకండి.

2018లో ఒక రాత్రి కడుపు ఉబ్బిపోయి, ఆకుపచ్చ వాంతులు. గాలి కూడా పోవట్లేదు. పేగు ఇరుకై ఇరుకై మూసుకుపోయింది. తాండూరు నుంచి మా నాన్న, వికారాబాద్ నుంచి మా ఆవిడ, అంబులెన్సులో నేను. రెండు రోజులు మందులతో చూసి, ఆపరేషన్ చేశారు. ఇరుకైన ముక్క కోసి తీసేసి, మిగతాది కుట్టారు. విటమిన్ బి12ని ఒంట్లోకి తీసుకునే చోటు సరిగ్గా అదే, చిన్నపేగు చివర. అది పోయింది కాబట్టి ఇప్పటికీ నేను బి12 ఇంజక్షన్లు తీసుకుంటున్నాను. ఆపరేషన్‌తో జబ్బు పోయిందా అంటే, పోలేదు. కుట్టిన చోటే మళ్లీ రావడం క్రోన్స్‌కి అలవాటు. మళ్లీ మందులే.

ఆసుపత్రిలో ఒక జూనియర్ డాక్టరమ్మ నాతో అన్న మాట నాకు కళ్లు తెరిపించింది. "సార్, మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" మా అమ్మకుంది అన్నాను. "షుగర్ నార్మల్ వచ్చిందని గోలీ ఆపుతారా?" ఆపరు, గోలీ వేసుకుంటేనే కదా నార్మల్ వచ్చింది అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు, నవ్వి వెళ్లిపోయింది.

మన మనసులో జబ్బులు రెండు రకాలు. ఒకటి కోర్సు జబ్బు, టీబీ లాగా. మందు మింగాలి, అయిపోవాలి. రెండోది మనతో కాపురం చేసే జబ్బు, షుగర్, బీపీ లాగా. నేను, మా నాన్న క్రోన్స్‌ని కోర్సు జబ్బు లెక్కలో వేశాం. క్యాలెండర్ మీద గీత గీసుకుని కూర్చున్నాం. పేరు మారింది గానీ మా లెక్క మారలేదు. మేం చేసిన పెద్ద తప్పు అదే.

పెళ్లిలో ఆమె అడిగిన ప్రశ్నకి ఇప్పుడు పూర్తి జవాబు చెప్తాను. అమ్మా, మీ బాబు బాగున్నాడంటే మందు పనిచేస్తోందని అర్థం. మందు అవసరం లేదని కాదు. అయితే అన్ని మందులూ జీవితాంతం అని కూడా కాదు. స్టెరాయిడ్లు ఉన్నాయి, మంట ఆర్పడానికి ఇస్తారు, వాటిని ఎక్కువ కాలం వాడకూడదు. కానీ ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అజాథయోప్రిన్ లాంటివి పనిచేయడానికే రెండు మూడు నెలలు పడుతుంది, ఏళ్ల తరబడి వాడతారు. మన దేశంలో కొందరి జన్యువుల వల్ల ఆ మందు పడదు, తెల్లకణాలు బాగా పడిపోతాయి, జుట్టు ఊడుతుంది. అందుకే మొదట్లో తరచుగా రక్త పరీక్షలు. కిడ్నీలు ఖరాబవుతాయని ఆడబిడ్డ భయపడుతోంది కదా, ఆ భయానికి మందు ఆ పరీక్షలే. లివర్, కిడ్నీ, రక్తకణాలు అన్నీ చూస్తూనే ఉంటారు.

వీటికి లొంగకపోతే బయోలాజిక్స్ అనే ఇంజక్షన్లు ఉన్నాయి. క్రోన్స్‌కి ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని అమెరికాలో 1998లో అనుమతించారు. అడాలిముమాబ్ అనే ఇంకో ఇంజక్షన్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్, అంటే అసలు మందుకు సమానంగా చేసిన తక్కువ ధర మందు, 2014లో మన దేశంలోనే వచ్చింది. అయినా ఖరీదే. ఇక్కడ మళ్లీ మన పాత చుట్టం టీబీ ఎదురవుతుంది. ఈ ఇంజక్షన్లు కాపలావాణ్ని కూర్చోబెడతాయి, దాంతో ఒంట్లో ఎప్పటిదో నిద్రపోతున్న టీబీ లేవవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పకుండా చేస్తారు. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి.

మందు తగ్గించాలా, ఆపాలా అనేది ఒంటికి ఎలా ఉందని అడిగి తేల్చేది కాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది, పేగులో వాపు ఉందా లేదా చెప్తుంది. కొలనోస్కోపీ ఉంది. ఇవి చూసి డాక్టర్ చెప్తాడు. ఖర్చు ఇబ్బంది అయితే ఆ మాట డాక్టర్‌తోనే అనండి, మందు మానేసి కూర్చోకండి. గాంధీలో, ఉస్మానియాలో పేగుల డాక్టర్ల విభాగాలు ఉన్నాయి. వికారాబాద్‌లోనూ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది.

తిండి సంగతి అందరూ అడుగుతారు. అందరికీ ఒకటే పథ్యం అంటూ లేదు. జబ్బు రేగినప్పుడు మెత్తటి అన్నం, పలచటి పప్పు, బాగా ఉడికినవి. పేగు ఇరుకైనవాళ్లు తొక్కలు, గింజలు, పీచు ఎక్కువున్నవి డాక్టర్ని అడిగి తగ్గించాలి. బాగున్నప్పుడు నేను మన తాండూరు కందిపప్పు రోజూ తింటాను. 2022లో దానికి జీఐ గుర్తింపు వచ్చిందని మా నాన్న ఇంకో గరిటె ఎక్కువ వేస్తున్నాడు. పడనివి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎవరో చెప్పారని అన్నీ మానేసి ఎండిపోకండి. బీడీ, సిగరెట్ మాత్రం మానాల్సిందే, క్రోన్స్‌ని అది బాగా ముదరబెడుతుంది.

ఇంకో బాధ ఉంది, ఎవరూ చెప్పుకోరు. బాత్రూం. నేను హైదరాబాద్‌కి బస్సెక్కను, రైలెక్కుతాను. రైల్లో బాత్రూం ఉంటుంది కదా. ఒకసారి క్లాసు మధ్యలో పరుగెత్తాల్సి వచ్చింది, చేరుకోలేకపోయాను. ఆ రోజు రాజీనామా రాద్దామనుకున్నాను. హెడ్మాస్టర్‌కి జబ్బు సంగతి చెప్పాను, ఆయన స్టాఫ్ బాత్రూం పక్క గదిలోకి నా క్లాసు మార్చాడు. అడిగితే దొరికింది. టీచర్లకి నా విన్నపం: పిల్లవాడు మాటిమాటికీ బయటికి వెళ్తానంటే దొంగవేషాలని కొట్టకండి, ఒక్కసారి విడిగా అడగండి.

మీ బాబు భవిష్యత్తు గురించి కూడా ఆమె అడిగింది, పెళ్లి చేయొచ్చా అని. చేయొచ్చు. దాచి మాత్రం చేయకండి. నేను మా ఆవిడకి ముందే చెప్పాను. పిల్లలకి వచ్చే అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువే, కానీ చాలామంది పిల్లలకి రాదు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఇదే జబ్బు, 1956 జూన్‌లో పేగు ఆపరేషన్ అయింది, అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ గెలిచాడు. మన తాండూరు పిల్లవాడు డిగ్రీ పాసు కాలేడా?

అనంతగిరి గుట్ట మీద ఇప్పటికీ అప్పుడప్పుడు నడుస్తాను. ఒకప్పుడు అక్కడికి వచ్చినవాళ్లకి జబ్బు పేరు తెలుసు, మందు లేదు. నాకు మందు ఉంది, పేరు తెలియక మూడేళ్లు, పేరు తెలిసీ నమ్మక ఒక ఏడాది పోయాయి. మీ ఇంట్లో ఎవరైనా అలా ఉంటే ఆ నాలుగేళ్లు వాళ్లకి మిగలాలి.

అమ్మా, ఈ వీడియో మీ ఆడబిడ్డకి కూడా చూపించండి. బాబుకి రేపటి గోలీ ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.